ఊరి గ్రంథాలయంలో అరుదైన పాత పుస్తకాలు: వెతకడం, గుర్తుపట్టడం, కాపాడుకోవడం

శాఖా గ్రంథాలయాల్లో స్టాక్ వెరిఫికేషన్, అంటే ఉన్న పుస్తకాల లెక్క సరిచూడటం, జరిగినప్పుడల్లా ఒక జాబితా తయారవుతుంది. అట్టలు ఊడినవి, పురుగు తిన్నవి, ఏళ్ల తరబడి ఎవరూ ఇంటికి తీసుకెళ్లనివి అందులోకి ఎక్కుతాయి. పై అధికారి సంతకం పడగానే ఆ మూట కిలోల లెక్కన పాత కాగితాల కొట్టుకు చేరుతుంది. వరదల్లోనో చెదలకో పోయిన పుస్తకాల గురించి బాధపడతాం గానీ, ఇలా పద్ధతి ప్రకారం, రిజిస్టర్‌లో ఎక్కి మరీ పోయినవి తక్కువేమీ కాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చిన్న గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్ల కోసం, సెలవుల్లో అక్కడ చేయి వేయాలనుకునే పాఠకుల కోసం ఇది రాస్తున్నాను. ప్రత్యేక చదువు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, పెన్సిలు, ఫోను, మాస్కు చాలు. వరస మాత్రం తప్పకూడదు. ముందు చూడాలి, తర్వాత రాసుకోవాలి, ఆ తర్వాత భద్రపరచాలి. మరమ్మతు అన్నిటికన్నా చివర. ఉత్సాహం కొద్దీ మరమ్మతుతో మొదలుపెట్టినచోటే ఎక్కువ నష్టం జరుగుతుంది.

1. ముందు పారేయడం ఆపండి

తొలగింపు జాబితాలో ఉన్న పాత పుస్తకాలన్నిటినీ ఒక పక్కన పెట్టించండి. ఏది పాతదో తేల్చడానికి అటెండరు కూడా వాడగలిగే గుర్తు ఒకటుంది: వెల. మన దేశంలో నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. వెల అణాల్లో ఉంటే ఆ పుస్తకం దాదాపుగా అంతకుముందుదే. ‘వెల 0-12-0’ అని కనిపిస్తే రూపాయలు, అణాలు, పైసలు అన్నమాట, అంటే పన్నెండణాలు. అణాల్లో వెల ఉన్న ఏ పుస్తకమూ ఇంకోసారి చూడకుండా బయటికి పోకూడదని ఒక నియమం పెట్టుకోండి.

దానికి రెండు చేర్పులు. ముఖపత్రం పోయి ఏ పుస్తకమో తెలియనివి కూడా ఆపాలి. మీ ఊళ్లో, చుట్టుపక్కల తాలూకాల్లో అచ్చయినవి ఏ సంవత్సరానివైనా ఆపాలి. ఎందుకో కిందకి వెళ్లాక తెలుస్తుంది.

2. ఎక్కడ వెతకాలి

షెల్ఫుల్లో కంటే బీరువాల మీద, మెట్ల కింద, తాళం చెవి పోయిన పెట్టెల్లో ఎక్కువ దొరుకుతాయి. అయితే వెతుకులాట మొదలుపెట్టాల్సింది మాత్రం పాత అక్సెషన్ రిజిస్టర్ దగ్గర, అంటే వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరస నంబరుతో ఎక్కించిన రిజిస్టర్ దగ్గర. తొలి సంపుటం తీసి ‘ఎలా వచ్చింది’ అన్న గడిని చదువుతూ పోండి. ఒకే దాత పేరు వరసగా వచ్చినచోట ఆగండి. ప్లీడర్లు, పంతుళ్లు, వైద్యులు పోయాక వాళ్ల ఇంటి పుస్తకాలను పిల్లలు గ్రంథాలయానికి ఇచ్చేవారు. అలాంటి విరాళాల్లోనే కొనుగోలులో ఎప్పుడూ రానివి ఉంటాయి.

పుస్తకాల లోపలి ముద్రలు కూడా చూడండి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం లాంటివి నిలబడి పెద్దవయ్యాయి. గ్రంథాలయోద్యమం నాడు ఊరూరా వెలిసిన పఠన మందిరాలు, యువజన సంఘాల గ్రంథాలయాలు మాత్రం చాలావరకు మూతపడ్డాయి. వాటి పుస్తకాలు తర్వాత వచ్చిన శాఖా గ్రంథాలయాల్లో కలిశాయి. ఇప్పుడు లేని సంఘం ముద్ర ఒక్కటి కనిపించినా అది మీ ఊరి చరిత్రలో ఒక ఆధారం. దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.

3. పుస్తకం వయసు తేల్చడం

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, సరదా కూడా ఇక్కడే.

పాత తెలుగు ముఖపత్రాల మీద చాలాసార్లు క్రీస్తు శకం ఉండదు, తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. అరవై ఏళ్ల చక్రం కాబట్టి ‘విజయ’ అంటే 1893-94 కావచ్చు, 1953-54 కావచ్చు. శాలివాహన శకం ఇచ్చి ఉంటే 78 కలపండి: శా.శ. 1815 అంటే 1893. నిజాం రాజ్యంలో అచ్చయినవాటి మీద ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం కనిపిస్తుంది. దానికి సుమారు 590 కలపాలి. ఫసలీ 1340 అంటే 1930-31. ఈ సంవత్సరాలేవీ జనవరి 1న మొదలుకావు కనుక రెండు ఏళ్లూ రాసుకోవడమే మేలు. 1893-94 అని రాస్తే తర్వాత చూసినవాడు సరిచేసుకోగలడు. ఊహించి ఒక్క ఏడాది రాసేస్తే ఆ తప్పు కేటలాగుల్లో పాకుతూ పోతుంది.

రెండు చక్రాల్లో ఏదో తేలనప్పుడు ఇతర గుర్తులు చూడాలి. ముద్రణ స్థలం ‘చెన్నపురి’ అని మద్రాసు పాత పేరుతో ఉందా? చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉందా? ఉంటే అది 1972 తర్వాతది. చివరి పేజీల్లో అదే ప్రచురణకర్త ఇతర పుస్తకాల ప్రకటనలు ఉన్నాయా? ఆ పుస్తకాల్లో ఒక్కదాని తేదీ తెలిసినా ఇది అంతకంటే ముందుది కాదని తేలిపోతుంది.

అరసున్నలు, బండి ఱ చూసి పాతదని తీర్పు చెప్పవద్దు. గ్రాంథికం రాసే పండితులు 1950ల తర్వాత కూడా వాటిని వదల్లేదు. కాగితం రంగు కూడా మోసం చేస్తుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో గుడ్డపేలికలతో చేసిన కాగితం ఇప్పటికీ గట్టిగా ఉంటే, కర్ర గుజ్జుతో చేసిన 1940ల కాగితం గోధుమరంగుకు తిరిగి పెళుసైపోయి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాగితానికి కరువొచ్చింది, దొరికిన నాసిరకం కాగితం మీదే అచ్చు వేశారు. కాబట్టి చేతుల్లో పొడైపోతున్నది పాతదీ, తెల్లగా ఉన్నది కొత్తదీ అనుకుంటే రెండుసార్లూ తప్పుతాం. పెళుసుదనం చూద్దామని మూల మడిచి పరీక్షించకండి, అది అక్కడే విరిగిపోతుంది.

పీఠిక కింద ఉన్న తేదీతో మరీ జాగ్రత్త. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు 1852లో వచ్చింది. దాన్ని సవరించి 1903లో మళ్లీ అచ్చు వేశారు. ఆ తర్వాత వచ్చిన పునర్ముద్రణలూ ఉన్నాయి. పాత పీఠికను కొత్త ముద్రణల్లోనూ వేస్తారు కాబట్టి, దాని కింది తేదీ చూసి మన దగ్గర మొదటి ముద్రణ ఉందని పొంగిపోయేవాళ్లు ఉంటారు. పుస్తకం మొత్తంలో ఎక్కడైనా కనిపించే అన్నిటికన్నా ఆలస్యపు తేదీనే లెక్కలోకి తీసుకోవాలి.

ముఖపత్రమే లేకపోతే? ఫ్రాన్స్‌లోని సెయింట్ ఓమెర్ అనే చిన్న పట్టణపు గ్రంథాలయంలో 2014లో షేక్‌స్పియర్ నాటకాల 1623 నాటి తొలి సంపుటి బయటపడింది. మొదటి పేజీలు పోవడంతో దాన్ని పద్దెనిమిదో శతాబ్దపు మామూలు ప్రతిగా కేటలాగులో రాసి పెట్టారు. ఇంగ్లిష్ సాహిత్యం మీద ప్రదర్శన పెడదామని పుస్తకాలు తీస్తుంటే అక్కడి గ్రంథపాలకుడికి అనుమానం వచ్చింది. మన దగ్గర కూడా తలా తోకా లేని పుస్తకాన్ని లోపలి పద్యాలు, పేజీల పైభాగాన వేసే పేరు, ఆశ్వాసాంత గద్యలతో గుర్తుపట్టవచ్చు. కావ్యాల్లో ఆశ్వాసం (అధ్యాయం) చివరి గద్యలో కవి పేరు, తండ్రి పేరు, కృతి పేరు ఉండనే ఉంటాయి. అందులోని ఒక పాదం వెబ్‌లో వెతికినా చాలాసార్లు దొరుకుతుంది.

4. పాతదంతా అరుదు కాదు

ఇక్కడే చాలామంది పొరపడతారు. పెద్ద పురాణాల పాత ముద్రణలు, వావిళ్ల ప్రచురణ సంస్థ వేసిన కావ్యాలు చూడగానే కళ్లకద్దుకుంటాం. అవి మంచి పుస్తకాలే, కానీ చాలాచోట్ల దొరుకుతాయి. చిన్న గ్రంథాలయంలో నిజంగా అరుదైనది సాధారణంగా పలచగా, కుట్టు ఊడి, రెండు లావుపాటి పుస్తకాల మధ్య నలిగి ఉంటుంది: పక్కూరి దేవుడి మీద ఒక శతకం, స్థల మాహాత్మ్యం, హైస్కూలు వార్షికోత్సవ సంచిక, సహకార సంఘం నివేదిక, సంఘ సంస్కరణ మీద కరపత్రం, ఊళ్లో ఆడిన నాటకం పాటల పుస్తకం. ఇలాంటివి కొన్ని వందలు అచ్చువేసి పంచేసేవారు. పెద్ద గ్రంథాలయాలకు ఒక్క ప్రతీ వెళ్లి ఉండకపోవచ్చు. మొదటి అంచెలో స్థానిక ముద్రణలన్నీ ఆపమన్నది ఇందుకే.

పుస్తకం పేరొక్కటే చూసి ‘ఇది మా దగ్గర ఇంకో ప్రతి ఉంది’ అనుకోవడం ఇంకో ప్రమాదం. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికాసాంత్వనమే తీసుకోండి. 1887లో వచ్చిన ముద్రణలో కొన్ని పద్యాలు తీసేశారు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన పూర్తి పాఠాన్ని 1910లో వావిళ్ల వారు వేశారు. మరుసటి ఏడాదే అశ్లీలం పేరుతో ప్రభుత్వం ప్రతులను పట్టుకుంది, నిషేధం 1947 దాకా నడిచింది. పేరు ఒకటే గానీ 1887 ప్రతి వేరు, 1910 ప్రతి వేరు, నిషేధం తొలగాక వచ్చింది వేరు. ఒకటి ఉంది కదా అని రెండోది పారేస్తే ఏది పోయిందో కూడా మనకు తెలియదు. మన దగ్గరున్నది నిషేధ కాలంలో ఎవరో దాచుకున్న ప్రతి కూడా కావచ్చు.

అరుదో కాదో తేల్చడానికి ఇలా చూడండి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తెలుగు స్కాన్లు చాలా ఉన్నాయి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు రాసి ఉంటాయి కనుక నాలుగైదు స్పెల్లింగులతో వెతకాలి. తెలుగు వికీసోర్స్, పత్రికలకైతే ప్రెస్ అకాడమీ భాండాగారం చూడండి. 1912కు ముందువాటికి బార్నెట్ తయారుచేసిన బ్రిటిష్ మ్యూజియం తెలుగు పుస్తకాల కేటలాగు, 1901-1953 మధ్యవాటికి సాహిత్య అకాడమీ జాతీయ గ్రంథసూచి పనికొస్తాయి. ఎక్కడా కనిపించకపోతే ‘వెతికిన చోట్ల దొరకలేదు’ అని రాసుకోండి. ‘ప్రపంచంలో ఇదొక్కటే ప్రతి’ అని పేపర్లకు చెప్పేయకండి. స్కాన్ దొరికినా మీ ప్రతి అవసరం తీరినట్టు కాదు. ఆ స్కాన్లలో పేజీలు ఎగిరిపోయినవి, అట్టలు తీయనివి కోకొల్లలు.

5. రాసుకోవడం

ఒక్కో పుస్తకానికి ఒక్కో పేజీ కేటాయించండి. అక్సెషన్ నంబరు, పేరు ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టుగా, రచయిత, పరిష్కర్త, ముద్రణాలయం, ప్రచురణకర్త, ఊరు, తేదీ (ఇచ్చిన రూపంలోనూ, లెక్కకట్టిన రూపంలోనూ), ఎన్నో ముద్రణ, ప్రతుల సంఖ్య, వెల, పేజీలు, కొలత, లోపించిన పేజీలు, ప్రస్తుత స్థితి. తర్వాత ముద్రలు, సంతకాలు, అంకితాలు, మార్జిన్లలో ఎవరో రాసిన అర్థాలు. పేజీలు లెక్కపెట్టేటప్పుడు పీఠిక పేజీలను విడిగా లెక్కించండి, వాటి అంకెలు చాలాసార్లు వేరుగా ఉంటాయి.

పుస్తకం మీద కొత్తగా ఏదైనా రాయాల్సి వస్తే మెత్తని పెన్సిలుతోనే రాయాలి. ముఖపత్రం మీద కొత్త రబ్బరు స్టాంపు కొట్టొద్దు. అంటించే బార్‌కోడ్ లేబుళ్లు వద్దే వద్దు. నంబరు రాసిన కాగితం పట్టీని పేజీల మధ్య బయటికి కనబడేలా పెడితే చాలు.

6. భద్రపరచడం

ఏసీ గది ఉంటే తప్ప పాత పుస్తకాలు బతకవనుకునేవాళ్లున్నారు. పగలంతా ఏసీ వేసి సాయంత్రం ఆపేసే గది కంటే కిటికీలు తెరిచి గాలాడే గదే నయం. రోజూ వేడి, తేమ పైకీ కిందికీ ఊగుతుంటే కాగితం, జిగురు, తోలు మూడూ దెబ్బతింటాయి. ఒక చవక తేమమాపకం కొని గదిలో పెట్టండి. 50 శాతం దగ్గర ఉంటే బాగు. 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొదలవుతుంది. కోస్తాలో వానాకాలమంతా అంతకంటే పైనే ఉంటుంది కనుక గాలి ఆడటమే మనకున్న మందు. గట్టిగా మూసిన ఇనప బీరువా తేమను లోపలే బంధిస్తుంది. వెనక రంధ్రాలు వేయించండి, లేదా పొడి రోజుల్లో తలుపులు తెరిచి ఫ్యాను పెట్టండి. బీరువాని గోడకు ఆనించకుండా జానెడు దూరంలో, నేల నుంచి అడుగు ఎత్తులో ఉంచాలి. అప్పుడు చెదల మట్టిగూడు గోడ మీద కనిపిస్తుంది, పుస్తకం దాకా వెళ్లకముందే పట్టుకోవచ్చు.

నాఫ్తలీన్ ఉండలు పేజీల మధ్య పెట్టకండి. అవి బూజును ఆపవు, ఆ వాసన అక్కడ కూర్చునేవాళ్లకూ మంచిది కాదు. పాత బీరువాల్లో ఎప్పుడో చల్లిన గమాక్సిన్ అనే పురుగుమందు పొడి ఇంకా ఉండవచ్చు, కాబట్టి మొదటిసారి దులిపేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. దులపడం అంటే గుడ్డతో కొట్టడం కాదు. పుస్తకాన్ని గట్టిగా మూసి పట్టుకుని, మెత్తని బ్రష్‌తో కుట్టు వైపు నుంచి బయటికి తుడవాలి. ఆ తర్వాత పేజీలు తిప్పేటప్పుడు గ్లవ్స్ తీసేయండి. తెల్ల గ్లవ్స్ టీవీలో బాగుంటాయి గానీ, వాటితో పేజీ అంచు తెలియక చిరుగుతుంది. కడిగి ఆరిన చేతులే మంచివి.

పురుగు కనిపిస్తే ఆ పుస్తకాన్ని వెంటనే వేరుచేసి, గాలి చొరబడని పాలిథీన్ సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచవచ్చు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా, అంటే ఒక రోజంతా, సంచి విప్పకూడదు. తోలు బైండింగులకూ, తాళపత్రాలకూ దీన్ని సొంతంగా ప్రయత్నించకండి.

తుఫానుకో, పైకప్పు కారో తడిస్తే మీ చేతిలో ఉన్నది దాదాపు 48 గంటలు, తర్వాత బూజే. ఎండలో ఆరబెట్టాలని చేతులు లాగుతాయి, ఆగండి. ఎండకు కాగితం వంకర్లుపోయి సిరా వెలిసిపోతుంది. నీడలో ఫ్యాను కింద నిలబెట్టి, మధ్య మధ్య అచ్చులేని తెల్ల కాగితాలు పెట్టి మారుస్తూ ఉండండి. నున్నని ఆర్ట్ పేపర్ బొమ్మలున్నవాటిని ముందు చూడండి, అవి ఆరిపోయాయంటే ఒకదానికొకటి అతుక్కుని ఇక విడవు.

విడిపోయిన పుస్తకాలను గంజి పోయేలా ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి నాడాతో కట్టండి. రబ్బరు బ్యాండు, గుండుసూది, ప్లాస్టిక్ కవరు మూడూ నిషేధం.

7. మరమ్మతు గురించి

సెల్లోటేపు, ఫెవికాల్, లామినేషన్. ఈ మూడింటినీ ఆ గదిలోకి రానివ్వకండి. టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరకై శాశ్వతంగా ఉండిపోతుంది. లామినేట్ చేసిన పేజీని మళ్లీ వెనక్కి తేలేం.

కాంట్రాక్టు బైండింగుకు పంపడం ఇంకా పెద్ద ప్రమాదం. బైండరు మూడు అంచులూ కోసి చదును చేస్తాడు. కాగితపు పైఅట్ట తీసి పారేస్తాడు. తేదీ, వెల, ప్రకటనలు చాలాసార్లు ఉండేది ఆ పైఅట్ట మీదే. మార్జిన్లో రాతలుంటే అవీ కత్తిరింపులో పోతాయి. తప్పనిసరై పంపితే ‘అంచులు కోయవద్దు, పాత అట్ట లోపలే కుట్టాలి’ అని కాగితం మీద రాసిచ్చి, దగ్గరుండి చేయించండి.

తాళపత్రాలు, చేతిరాత గ్రంథాలు దొరికితే మీరు చేయాల్సింది చాలా తక్కువ: ఆకుల వరస మార్చకుండా ఫొటో తీసి, గుడ్డలో చుట్టి, నిపుణులకు చెప్పడం. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థ, హైదరాబాదులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఇలాంటి పనిలో ఉన్నవే. నూనె పూయవద్దు. 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతి 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువు అవుతుంది, దాన్ని అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. కొంటామని వచ్చేవాళ్లకు ఈ మాట చెబితే చాలు.

8. స్కాన్ చేయడం, హక్కులు

ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద బోర్లించి నొక్కితే కుట్టు విరుగుతుంది. పుస్తకాన్ని సగం తెరిచి రెండు వైపులా దిండ్లు ఆనించి, పైనుంచి స్టాండుకు బిగించిన ఫోనుతోనో కెమెరాతోనో తీయండి. స్కానరైతే 300 డీపీఐకి తగ్గొద్దు. అట్ట, లోపలి అట్ట, ఖాళీ పేజీలు, ముద్రలు ఏదీ వదలకండి. ఫైలు పేరుకు ముందు అక్సెషన్ నంబరు పెట్టండి. మూడు కాపీలు చేసి ఒకటి వేరే భవనంలో ఉంచండి.

మన దేశంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్లు కాపీరైట్ హక్కులు ఉంటాయి. వీరేశలింగం 1919లో పోయారు, ఆయన రచనలు అందరివీ. చలం 1979లో పోయారు, 2039 చివరిదాకా ఆగాలి. అనువాదకుడికి, పీఠిక రాసినవారికి, బొమ్మలు వేసినవారికి విడిగా హక్కులుంటాయి, వాటినీ చూడాలి. హక్కులు తీరని పుస్తకాన్ని కూడా, మీ దగ్గర కాగితపు ప్రతి ఉంటే, భద్రత కోసం డిజిటల్‌గా దాచుకోవడానికి లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయాలకు కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ అవకాశమిచ్చింది. దాచుకోవడం వేరు, నెట్‌లో అందరికీ పెట్టడం వేరు.

9. చదివించడం, అప్పగించడం

తాళం వేసి ఎవరికీ చూపించని పుస్తకాన్ని వచ్చే వెరిఫికేషన్‌లో మళ్లీ ఎవరూ వాడనిదిగా లెక్కేస్తారు. కాబట్టి చూపించాలి, ఇంటికి మాత్రం ఇవ్వకూడదు. ఒకసారి ఒక పుస్తకం, ఎదురుగా బల్ల మీద, పెన్సిలుతో నోట్సు, వచ్చినవారి పేరు, సమయం రిజిస్టర్‌లో. ఇచ్చేముందూ తీసుకున్నాకా పేజీలు, బొమ్మలు లెక్క చూడండి. ఫొటోలకు అనుమతిస్తే ఫ్లాష్ లేకుండా.

అన్నిటికన్నా బలహీనమైన ఘడియ బదిలీ. గ్రంథపాలకుడు మారినప్పుడు తాళాలూ రిజిస్టర్లూ చేతులు మారతాయి గానీ, ఏ బీరువాలో ఏముందన్న సంగతి పాతవారితోనే వెళ్లిపోతుంది. అరుదైన పుస్తకాల జాబితాను చార్జి అప్పగింత కాగితాల్లో అనుబంధంగా చేర్చి, ఇద్దరూ పుస్తకాలు ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టి సంతకాలు చేయాలి. ఒక కాపీ జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపండి, ఇంకోటి బీరువా తలుపు లోపలి వైపు అతికించండి. జాబితా పైన పెద్ద అక్షరాలతో ఒక వాక్యం రాయండి: ‘ఇందులోని పుస్తకాలను తొలగింపు జాబితాలో చేర్చరాదు, బైండింగుకు పంపరాదు.’